కలపకుండా పోసిన గంజి

యుద్ధం రోజుల నుంచి ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. దాన్ని అక్కడే పెట్టుకుని ఇన్నేళ్ళు తిన్నాను, నవ్వాను, నలుగురిలో కూర్చున్నాను. ఆ నలుగురూ నన్ను మంచిదానివన్నారు. అన్నప్పుడల్లా తల వంచుకున్నాను. అది వినయమనుకున్నారు.

వినయం కాదు.

నా పేరు రాయను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే ఈ మాట నాకు రాదు. ఎన్నోసార్లు ప్రయత్నించి చూశాను. ఇది వినవలసిన మనిషి వేరే ఉంది. ఆమె దగ్గరకు వెళ్ళే ముందు, మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారైనా ఎవరితోనైనా చెప్పుకోగలనా అని చూసుకుంటున్నాను. ఆ ఎవరో మీరే. నాకు అక్షరాలు వచ్చి ఎక్కువ కాలం కాలేదు. జుట్టు తెల్లబడ్డాక నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

నేను తొండియార్‌పేటలో ఉంటాను. ఒక్కదాన్నే. వయసులో ఉన్నప్పుడు హార్బరు దగ్గర గోదాముల్లో ధాన్యం చెరిగాను. యుద్ధం వచ్చి, బర్మా నుంచి మనవాళ్ళు గుంపులు గుంపులుగా తిరిగొచ్చినప్పుడు, వాళ్ళ కోసం పెట్టిన క్యాంపులో గంజి కాచే పనికి కుదిరాను. యుద్ధం పోయినా ఆ పని పోలేదు. కరువొచ్చినా, వరదొచ్చినా, ఎక్కడైనా గుడిసెలు కాలిపోయినా క్యాంపు నడిపిన సంఘం వాళ్ళు కబురు పెట్టేవాళ్ళు. వెళ్ళి పొయ్యి వెలిగించేదాన్ని. మోకాళ్ళు పట్టేశాక మానుకున్నాను.

అప్పటి క్యాంపులో కలిసి పనిచేసినవాళ్ళలో ఈ ఊళ్ళో మిగిలింది ముగ్గురం. గ్రేసమ్మ అక్కడ నర్సు. వెంకటాద్రి శెట్టిగారు జార్జి టౌన్‌లో బియ్యం వర్తకులు. క్యాంపుకు కావలసిన సరుకంతా ఆయనే చూసేవారు. నేను వంట. ఇప్పుడు ముగ్గురమూ పనులు మాని కూర్చున్నవాళ్ళమే. సాయంత్రాలు రాయపురంలో గ్రేసమ్మ ఇంటి అరుగు మీద చేరతాం. శెట్టిగారు అంగడి కొడుకులకు అప్పగించి, పేపరు చంకలో పెట్టుకుని బస్సులో వస్తారు. కళ్ళజోడు తుడుచుకుని పెద్దగా చదువుతారు. ఎక్కడి దేశాలో, ఎక్కడి జనమో. మొన్నటిదాకా కొరియా. ఇప్పుడు హంగరీ అట. పిల్లల్ని ఎత్తుకుని మంచులో సరిహద్దు దాటుతున్నారట.

"చూసినావా గ్రేసమ్మా, జనం ఆడ మళ్ళీ నడుస్తుండారు," అన్నారు శెట్టిగారు ఆ వార్త చదివిన రోజు.

"మనం చూడని నడకా అన్నా? కాళ్ళకు గోనెగుడ్డ చుట్టుకోని దిగలా మన కాడికి?"

"వాళ్ళకు మంచంట. మోకాటి లోతు మంచంట."

"మంచైతే ఏంది, బురదైతే ఏంది. ఆకలి ఒకటే గదా. సరి, చేప ధర ఏమన్నా రాసినాడా నీ పేపర్లో? పొద్దున వంజరం ఎంతమ్మే అంటే, కొనేదానివి మాదిరి లేవే అనింది ఆ పిల్ల."

"బాగుండాది! పప్పన్నం తినేవాణ్ణి పట్టుకోని చేప ధర అడుగుతావా?"

ఇట్లా సాగుతుంది మా లోకవ్యవహారం. నేను ఎక్కువ మాట్లాడను. వింటాను. మంచులో నిలబడ్డ ఆ జనం ముందు ఎవరో ఒకరు గుండిగ పెట్టుకుని నిలబడి ఉంటారు కదా, వాళ్ళ చేతిలో గరిటె ఉంటుంది కదా అని నా ఆలోచన పోతుంది. ఆ చేయి ఎలాంటిదో అని పోతుంది.

నాకు అక్షరాలు నేర్పింది గ్రేసమ్మే. "శెట్టన్న చదివితే వింటుండావు. ఆయన పోతే నీకెవురు చదివిపెడతారు?" అని ఒక పలక కొనిచ్చింది. "నన్ను ముందే పంపించేస్తుండావే," అని శెట్టిగారు ఉడుక్కున్నారు. పేపర్లో పెద్ద అక్షరాల వార్తలతో మొదలుపెట్టి చిన్న అక్షరాల దాకా తెచ్చింది. ఒత్తులు తప్పు రాస్తే వేళ్ళ మీద కొట్టేది. అంత ఓపిక నా మీద ఎవరూ పెట్టలేదు. అమ్మ కూడా పెట్టలేదు. ఆ గ్రేసమ్మకే నేను చెప్పవలసింది.

కిందటి నెలలో దక్షిణాన తుపాను కొట్టింది. గంజి కేంద్రం పెట్టడానికి కాలేజీ చదివే అమ్మాయిలు ఇద్దరు బయలుదేరుతూ, పాతవాళ్ళను అడిగి తెలుసుకుందామని గ్రేసమ్మ ఇంటికి వచ్చారు. గ్రేసమ్మ వాళ్ళకు నీళ్ళు కాచడం, విరేచనాలు పట్టిన పిల్లలను విడిగా ఉంచడం చెప్పింది. అది అయ్యాక శెట్టిగారు నా వైపు చేయి చూపించారు. ఆ కథ మొదలుపెడతారని నాకు తెలుసు. కొత్తవాళ్ళు ఎవరు వచ్చినా చెబుతారు.

"ఈమెను చూడండి. మన క్యాంపుకు ఒక బర్మా పిల్ల వచ్చింది, చంకలో బిడ్డతో. మనోడు ఎవడో ఆడ చేసుకున్న పిల్ల. మన ఆడోళ్ళు ఒక్కరన్నా పక్కన కూర్చోనిచ్చినారా? ఊహూ. గిన్నె తీసుకోని దూరం జరిగేది. అప్పుడు ఈమె ఏం చేసిందో తెలుసునా? వరస మొదట్లో ఆ పిల్లనే నిలబెట్టింది. పొద్దునైనా సాయంత్రమైనా మొదటి గరిటె ఆ పిల్లకే. ఎవురూ నోరెత్తలా. ఈమె మొగుడు అదే రంగూన్లో చిక్కుకోని ఉండాడు, వస్తాడో రాడో తెలవదు. అంత బాధ పెట్టుకోని పరాయి పిల్లను అట్ల చూసుకునింది. అదీ సేవంటే."

ఒక అమ్మాయి నా దగ్గరగా జరిగింది. "మీకెట్ల తోచింది అవ్వా, ఆమెను ముందు పిలవాలని?"

"సుమ్మా, ఊరికే తోచింది," అన్నాను. తర్వాత ఆ అమ్మాయి చేయి పట్టుకున్నాను. "నువ్వు మాత్రం పోసే ముందర అడుగుదాకా కలుపమ్మా. గరిటె గరిటెకూ కలుపు. మర్చిపోవాకు."

"సరి అవ్వా," అంది. ఎందుకు అని అడగలేదు. నేను చెప్పలేదు. సగం చెప్పి సగం మింగడం నాకు అలవాటైపోయింది.

వాళ్ళు వెళ్ళిపోయారు. శెట్టిగారు బస్సుకు వెళ్ళారు. నేను లేవబోతుంటే గ్రేసమ్మ, "ఉండు," అంది. ఈ ఏడాది ఆమెకు ఛాతీ బాగా లేదు. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటుంది. చూపు కూడా తగ్గింది. గోడకు ఆనుకుని మెల్లగా మాట్లాడింది.

"శెట్టన్న ఆ కథ చెప్పినప్పుడల్లా నాకు ఏడ పోయి దాక్కుందామా అనిపిస్తుంది. నువ్వు మొదటి గరిటె పోసినావు. నేనేం చేస్తిని? ఉండేది నాలుగు డబ్బాల పాలు. ఆ తల్లికి తిండి బాగా అందుతుండాది, పాలుంటాయి, బిడ్డకు ఏం తక్కువ అని, డబ్బా పాలు వేరే పిల్లోళ్ళకు ఇస్తిని. పాలు ఎందుకు ఎండిపోయినాయో ఇప్పటికీ తెలవలా. నేను సరిగ్గా చూడలా. ఆ బిడ్డ నా లెక్కలో పోయినాడు. నేను పైకి పోతే ముందు వాడే అడుగుతాడు నన్ను."

నేను ఆమె వీపు నిమిరాను. ఆ రోజుల్లో ఎందరో పిల్లలు పోయారు, నీ తప్పు కాదు అన్నాను. ఎప్పుడూ అనే మాటే. అని ఇంటికి వచ్చాను.

పాలు ఎందుకు ఎండిపోయాయో నాకు తెలుసు.

గంజి సంగతి తెలియనివాళ్ళకు చెబుతాను. మేము కాచేది నూకల గంజి. పెద్ద గుండిగలో కాచి, దించి కాసేపు ఉంచితే నూక అడుగుకు దిగిపోతుంది. పైన తేట నిలుస్తుంది. చూడడానికి తేట కూడా తెల్లగానే ఉంటుంది. ఉప్పు రుచి ఉంటుంది. ఆవిరి వస్తుంది. గిన్నెలో పోస్తే అంచుదాకా నిండుతుంది. కాని అందులో తిండి లేదు. అందుకే వడ్డించేటప్పుడు తెడ్డు వేసి అడుగు నుంచి పైకి కలుపుతూ ఉండాలి. మా పనిలోకి వచ్చినవాళ్ళకు మొదట నేర్పేది ఇదే. క్యాంపు పెద్దలు పెట్టిన నియమం మాత్రం గరిటె గురించి: అందరికీ ఒకే గరిటె, అంచుదాకా. వాళ్ళు గరిటెను చూశారు. కలపడం నాకు వదిలేశారు. కలిపిందీ లేనిదీ చూసేవాళ్ళకు అంతుపట్టదు. గరిటె పట్టిన చేతికి తెలుస్తుంది. నూక పడితే మణికట్టు దాకా బరువు వస్తుంది. తేట అయితే తేలిగ్గా లేస్తుంది.

ఆమె పేరు ఖిన్. మనవాళ్ళు కిన్నమ్మ అన్నారు. నేను ఆమెను వరస మొదట్లో నిలబెట్టాను. అప్పటికి గుండిగ దించి చాలాసేపయి ఉండేది. తెడ్డు పక్కనే ఉండేది. ముట్టుకునేదాన్ని కాదు. పైపైన గరిటె వంచి తేట ముంచి, ఆమె గిన్నెలో అంచుదాకా పోసేదాన్ని. ఆమె గిన్నె పట్టుకుని పక్కకు వెళ్ళాక తెడ్డు అందుకునేదాన్ని. వెనక నిలబడ్డవాళ్ళందరికీ కలిపి పోశాను.

ఇదీ నేను చేసిన పని. ఏదో ఒకనాడు కాదు. పొద్దునా సాయంత్రమూ, ఆమె వచ్చిన మర్నాటి నుంచి బిడ్డకు జబ్బు చేసేదాకా.

ఎవరూ కనిపెట్టలేదు. ఎందుకంటే ఎవరూ ఆమె పక్కన కూర్చోలేదు. ఆమె గిన్నెలోకి తొంగిచూసినవాళ్ళు లేరు. మిగతా ఆడవాళ్ళు ఆమెను దూరం పెట్టారని శెట్టిగారు ఇప్పటికీ తప్పుపడతారు. వాళ్ళు చేసింది కళ్ళెదుట చేశారు. నేను చేసింది మంచితనం లాగా కనబడింది. గ్రేసమ్మ దాన్ని చూసింది, నమ్మింది. నమ్మి పాల డబ్బా వేరే వైపు తిప్పింది. నేను ఖిన్‌ను వరస చివర నిలబెట్టి, తిట్టి, కొట్టినట్టు పోసి ఉంటే ఆ బిడ్డ బతికేవాడేమో. గ్రేసమ్మకు జాలి కలిగి డబ్బా ఇచ్చేది. ఈ ఆలోచన నాకు చాలా ఏళ్ళకు వచ్చింది. వచ్చాక పోలేదు.

ఎందుకు చేశాను?

పెళ్ళైన కొత్తల్లో నా భర్త రంగూను రేవులో పనికి వెళ్ళాడు. మొదట్లో వచ్చేపోయేవాళ్ళతో కబురు చెప్పించేవాడు. తర్వాత కబుర్లు ఆగాయి. ఒకరోజు ఒక మేస్త్రీ తిరిగొచ్చి మా గుడిసె గడపలో నిలబడి చెప్పాడు. అక్కడ బర్మా మనిషితో కాపురం పెట్టాడు, పిల్లలు కూడా పుట్టారు, ఇంక నువ్వు ఎదురుచూడ పన్లేదు అని. నవ్వుతూ చెప్పాడు. అదొక వింత కబురు లాగా చెప్పాడు. నేను నీళ్ళిచ్చి పంపించాను. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. మొగుడు వస్తాడని ఎదురుచూసే దానిలాగే ఉన్నాను. క్యాంపులో పనికి చేరింది కూడా అందుకే. రైలు దిగిన ప్రతి గుంపులో అతని ముఖం వెతికాను. రావాలని వెతికానా, ఆ బర్మా మనిషిని ఒక్కసారి చూడాలని వెతికానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

అతను రాలేదు. ఖిన్ వచ్చింది.

సన్నటి పిల్ల. జుట్టు నడినెత్తిన ముడి. లుంగీ చిరిగి మోకాళ్ళ దగ్గర ముడులు వేసి ఉంది. భర్త కావలి అవతలి మనిషి, రంగూను బియ్యం మిల్లులో పనిచేసేవాడు. కొండదారిలో నడిచి వస్తూ జ్వరంతో పడిపోయాడు. లేవలేదు. ఈమె బిడ్డను కట్టుకుని మిగతా జనం వెంట నడిచింది. మెడలో పసుపుతాడు ఉంది. మొగుడు పోయాక అది తీసేస్తారని ఆమెకు తెలియదు. చెప్పినవాళ్ళూ లేరు. ఆడవాళ్ళు దాన్ని చూసి గుసగుసలాడారు. నేను చూసి గుసగుసలాడలేదు. చూస్తూ ఉండిపోయాను. మనవాడు కట్టిన తాడు. అటువంటిదే ఒకటి మరో మెడలో ఉంటుందనుకున్నాను.

మీ ఆయన పేరేమిటని మొదటి రోజే అడిగాను. చెప్పింది. నా భర్త పేరు కాదు. ఏ ఊరని అడిగాను. మా ఊరు కాదు. వేరే మనిషి, వేరే సంసారం. ఇది నాకు ఆ మొదటి రోజే తెలుసు. దీన్ని దాచిపెడితే ఇంత రాసీ లాభం లేదు. ఆమే నా భర్తను పట్టుకున్న మనిషి అని పొరపాటు పడ్డానని రాస్తే మీకు జాలి కలుగుతుంది. రాయాలని కూడా అనిపించింది. రాసి కొట్టేశాను. పొరపాటు ఏమీ పడలేదు. ఆమెకూ నా బతుకుకూ సంబంధం లేదని బాగా తెలిసి, నాకు దొరకని మనిషి మీద ఉన్న కోపాన్ని దొరికిన మనిషి గిన్నెలో పోశాను.

అప్పుడు ఇంత స్పష్టంగా అనుకున్నానా? లేదు. మొదటిసారి చేయి దానంతట అదే చేసినట్టు అనిపించింది. తెడ్డు తీయడం మరిచానేమో అనుకున్నాను. రెండోసారి మరవలేదని తెలుసు. దీనివల్ల చచ్చిపోరులే అనుకున్నాను. తేట తాగి ఎందరు బతకలేదు అనుకున్నాను. బిడ్డ సంగతి ఆలోచించానా? బిడ్డ వీపున ఉండేవాడు, గుడ్డలో, తల ఒక్కటే కనబడేది. ఆమె తాగేదే వాడూ తాగుతాడని నాకు తెలియదా? ఆడదాన్ని. తెలుసు. తెలిసినదాన్ని ఆ కాసేపు పక్కకు పెట్టడం నాకు చేతనయింది. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

ఒక పొద్దున వడ్డన అయిపోయాక ఆమె వంటసాల వెనక్కి వచ్చింది. నేను గుండిగ తోముతున్నాను. బిడ్డ ఏడుస్తున్నాడు. గట్టిగా కాదు, పిల్లి అరిచినట్టు.

"అక్కా," అంది. మొగుడి దగ్గర నేర్చుకున్న మన మాట. "పాలు రాలా అక్కా. బిడ్డ ఏడుస్తాడు. గంజి... కింద ఉండాది గదా, అది కొంచెం పోస్తావా?"

ఈమెకు తెలుసు అనుకున్నాను.

"కింద వేరే, పైన వేరే ఉండాదా? ఈడ అందరికీ ఒకటే గంజి."

"అవును అక్కా."

"అందరికన్నా ముందర నీకే పోస్తుండాను గదమ్మే. ఇంకేం కావాల? నీకోసం వేరే పొయ్యి పెట్టాల్నా?"

"వద్దు వద్దు. తప్పు అక్కా. బిడ్డ ఏడిస్తే అడిగినా."

"సరి, పో. పోయి గిన్నె కడుక్కో."

చేతులు జోడించి వెళ్ళిపోయింది. తప్పు అని ఆమె నాతో అంది. ఈ మాట రాస్తుంటే కలం ఆగుతోంది. అయినా రాస్తున్నాను.

ఆ సాయంత్రం కలిపి పోసి ఉండవచ్చు. పోయాలనే అనుకున్నాను. వరస మొదట్లో ఆమె వచ్చి నిలబడింది. తెడ్డు మీద చేయి వేశాను. ఇప్పుడు కలిపితే, ఇంతకు ముందు కలపలేదని ఒప్పుకున్నట్టే కదా అనిపించింది. ఆమె కళ్ళు నా చేతి మీద ఉన్నాయి. చేయి తీసేశాను. తేటే పోశాను. అంతకు ముందు చేసినదంతా ఒక ఎత్తు, ఆ సాయంత్రం చేసింది ఒక ఎత్తు. అంతకు ముందు కోపం ఉంది. ఆ సాయంత్రం కోపం లేదు. పరువు ఉంది.

తర్వాత బిడ్డకు జ్వరం వచ్చింది, విరేచనాలు పట్టుకున్నాయి. గ్రేసమ్మ పరుగులు పెట్టింది. అప్పుడు డబ్బా పాలు తెచ్చింది, వాడు పుచ్చుకోలేదు. ఖిన్ వరసకు రావడం మానేసింది. నేనే గిన్నె నిండా అడుగు నూక దేవి, చిక్కటి గంజి పట్టుకుని వెళ్ళాను. ఆమె పుచ్చుకుని పక్కన పెట్టింది. బిడ్డ ముఖం మీద నుంచి కళ్ళు తిప్పలేదు. గంజి చల్లారి గడ్డకట్టింది. ఒక మధ్యాహ్నం వాడు పోయాడు. శెట్టిగారు మనుషులను పిలిచి జరగవలసింది జరిపించారు. ఖిన్ ఏడవలేదు. బిడ్డను కట్టుకునే గుడ్డను మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత కావలి నుంచి ఆమె మరిది వచ్చాడు. ఎన్నాళ్ళుగానో ఆమె ఎదురుచూస్తున్నది అతని కోసమే. మంచివాడిలాగే ఉన్నాడు. అన్న కొడుకును చూద్దామని అరటిపళ్ళు తెచ్చాడు. సంగతి విన్నాడు. బిడ్డ ఉంటే మా ఇంటి బిడ్డ అని చెప్పి తల్లినీ తీసుకుపోయేవాణ్ణి, ఇప్పుడు ఏమని చెప్పి తీసుకుపోను, మా అమ్మ గడప తొక్కనివ్వదు అని శెట్టిగారితో అన్నాడు. పళ్ళు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజుతో ఖిన్‌కు రెండు పోయాయి, బిడ్డా, అత్తిల్లూ. రెండోది కూడా నా చేతి మీదే పోయింది.

దిక్కులేనివాళ్ళను మరో ఊరి క్యాంపుకు మార్చినప్పుడు ఆమె కూడా లారీ ఎక్కింది. ఎక్కే ముందు అందరి ఎదుట నా దగ్గరకు వచ్చి చేతులు జోడించింది. "అక్క ఒక్కతే నన్ను ముందు పిలిచింది," అని గ్రేసమ్మకు చెప్పింది. శెట్టిగారి కథ అక్కడ పుట్టింది. ఆమె తెలిసే అందా? కింద ఉన్నది అడిగిన మనిషి, నేను ఏం పోస్తున్నానో తెలిసిన మనిషి, అందరి ముందూ ఆ మాట నా ముఖాన కొట్టి వెళ్ళిందా? లేక నిజంగానే నమ్మిందా? మన ఊళ్ళో వరసలో మొదటివాళ్ళకు తేటే పోస్తారనుకుందా? తెలిసి అని ఉంటే బాగుండునని కోరుకుంటాను. నమ్మి అని ఉంటే తట్టుకోలేను. ఆమె ఆ తర్వాత ఎక్కడుందో, ఉందో లేదో తెలియదు. ఆ రెండో క్యాంపుకు వెళ్ళొచ్చినవాళ్ళను అడగవచ్చు. అడగలేదు.

తర్వాత ఎన్నో పొయ్యిలు వెలిగించాను. కలపకుండా ఎన్నడూ పోయలేదు. వరస మధ్యలో కూడా తెడ్డు తిప్పుతుంటే, ఎంత శ్రద్ధ అన్నారు. దాన్ని నేను ప్రాయశ్చిత్తం అనుకోను. వాళ్ళెవరూ ఖిన్ కాదు.

గంజి చిక్కగా పోసినా ఆ బిడ్డ పోయేవాడేమో. అంత దూరం నడిచొచ్చిన తల్లి. ఆ ఎండలు, ఆ నీళ్ళు. బాగా తిన్న తల్లుల పిల్లలు కూడా పోయారు. ఇవన్నీ నాకు తెలుసు. గ్రేసమ్మను ఓదార్చేటప్పుడు ఇవే చెబుతాను. ఆమె కోసం చెబుతున్నాననుకునేదాన్ని. మొన్న ఆమె వీపు నిమురుతూ ఆ మాటలే మళ్ళీ చెబుతుంటే నా గొంతు నాకే వినబడింది. నన్ను నేను విడిపించుకుంటున్నాను. ఆమె భుజాల మీద మోపి నేను తేలిక పడుతున్నాను. ఇన్నేళ్ళు ఆమె ప్రతి పొద్దునా ప్రార్థనలో ఆ బిడ్డను తలుచుకుని క్షమించమని అడుగుతోంది. చేయని తప్పుకు. నేను పక్కన కూర్చుని కాఫీ తాగాను.

ఎందుకు ఇన్నాళ్ళు ఆగాను? నాకు ఉన్నది ఆ అరుగు ఒక్కటే. ఆ ఇద్దరే. ఈ మాట చెప్పాక శెట్టిగారు నా వైపు చేయి చూపించి ఏ కథా చెప్పరు. గ్రేసమ్మ నన్ను ఏమంటుందో నాకు తెలియదు. క్షమిస్తుందని అనుకుని వెళ్ళడం లేదు. ఆమె క్షమించినా అది ఆమె చేతిలోది కాదు. ఇవ్వగల మనిషి లారీ ఎక్కి వెళ్ళిపోయింది. నేను వెళ్ళేది గ్రేసమ్మ వీపు మీద ఉన్నది దించడానికి. అది నాది.

ఆమె ఎంతకాలం ఉంటుందో డాక్టరు చెప్పడం లేదు. ఇంక ఆగితే ఆమె ఆ బరువుతోనే పోతుంది.

రేపు శెట్టిగారి బస్సు రాకముందే వెళతాను. ఆమెకు చిన్న అక్షరాలు కనబడవు కాబట్టి ఇది నేనే చదివి వినిపించాలి. మధ్యలో నోరు పెగలకపోతే ఏం చేయాలి అని ఇందాక భయం వేసింది. అందుకని తలుపు వేసుకుని ఇదంతా ఒకసారి పైకి చదివాను. మెల్లగా చదివాను. ఖిన్ పేరు దగ్గర ఆగాను, మళ్ళీ మొదలుపెట్టాను. చివరికి వచ్చాను. నా నోటితో, నా చెవులకు వినబడేటట్టు, మొట్టమొదటిసారి. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఊపిరి మాత్రం లోపలిదాకా వెళ్ళి వచ్చింది.

ఆమెకు ముందుగా చదవవలసిన మాట ఒకటి ఉంది. తక్కినది వినే ఓపిక లేకపోయినా, మధ్యలో లేచిపొమ్మన్నా, అది ఒక్కటి ఆమె చెవిన పడాలి. దాన్ని ఇక్కడ విడిగా రాస్తున్నాను.

గ్రేసమ్మా, నువ్వు సరిగ్గానే చూశావు. నీకు చూపించింది అబద్ధం. ఖిన్‌కు పాలు ఎండిపోయేట్టు చేసింది నేను.